లెక్కకు ఒకరు ఎక్కువ

పుష్పవతికి కంటికి కనబడినదల్లా లెక్కపెట్టే అలవాటు. ఆస్టినాబాద్‌లో బస్సెక్కితే పోర్ట్ బ్లెయిర్‌లో దిగేలోగా బస్సులో ఎంతమంది ఉన్నారో, అందులో నిలబడ్డవాళ్ళెందరో, కూర్చున్నవాళ్ళెందరో చెప్పేసేది. ఆదివారం తెలుగు చర్చిలో పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఈవిడ ఒక కన్ను తెరిచి బల్లల వెంట చూపు పోనిచ్చేది. "ప్రార్థనలో కళ్ళు తెరిచేదెవరో నాకు తెలుసు" అని పాస్టరుగారు ఒకసారి అందరి ముందూ అన్నారు. ఆయనకెలా తెలిసిందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆమె ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. అయిదేళ్ళ పిల్లగా తండ్రి చెయ్యి పట్టుకుని ఈ దీవుల్లో ఓడ దిగింది. తండ్రి వడ్రంగి, తల్లి మేరి నలుగురికీ బట్టలు కుట్టేది. ఇద్దరూ పోయాక ఇంట్లో పుష్పవతీ, ఆమె ఫారాలూ మిగిలాయి. ఫారం అంటే ఆమెకు ప్రాణం. ఖాళీ వదిలిన ఫారం చూస్తే బొత్తాం ఊడిన చొక్కా చూసినట్టు చేతులు ఊరుకునేవి కావు. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకి కూడా వయసెంత, చదువెంత అని ఎదురు ప్రశ్నలేసి, జవాబులు రాసుకుని పంపేసింది. ఊళ్ళో వాళ్ళు ఆమెను లెక్కల దీదీ అనేవారు. ఆమెకది గొప్పగానే ఉండేది.

అంత గట్టి లెక్కల మనిషికి ఒక చిక్కు వచ్చిపడింది. పదకొండేళ్ళుగా ఆమె మనుషుల్ని లెక్కపెట్టిన ప్రతిచోటా ఒకరు ఎక్కువ తేలేవారు. చర్చిలో సంఘపెద్ద నూట నాలుగు అని పుస్తకంలో రాస్తే ఆమెకు నూట అయిదు వచ్చేది. కండక్టరు ముప్పై ఒక్క టిక్కెట్లు కోస్తే ఆమెకు ముప్పై రెండు తలలు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టినా అంతే. ఆ ఎక్కువైన మనిషి ఏ బల్ల మీద కూర్చున్నాడో, ఏ కిటికీ పక్కన నిలబడ్డాడో ఎప్పుడూ కనబడేవాడు కాదు. లెక్కలో మాత్రం ఉండేవాడు. ఆమెకు భయమేసేది. ఎవరికైనా చెబితే పిచ్చి అంటారని నోరు మెదిపేది కాదు. ఆ మనిషెవరో ఆమెకు తెలుసు. అసలు బాధ అదే.

అది పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి మార్చి. జనాభా లెక్కలకని ఆఫీసువాళ్ళు ఆమెకు జంగ్లీఘాట్‌లో జాలర్ల వాడ అప్పగించారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చి ఇళ్ళు వేసుకున్న కుటుంబాలవి. అప్పటికామెకు పాతికేళ్ళు. కొత్త పెన్ను, కొత్త స్కేలు, కొత్త చెప్పులు. వాడ చివర ఇంట్లో సీతాలు అనే మనిషి చంకలో ఏడాది పిల్లనెత్తుకుని గుమ్మంలోకొచ్చింది.

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురమమ్మా. నేను, ఈ గుంట, మా ఆయన నూకన్న."

పుష్పవతి మూడు పేర్లూ రాసింది. ఇంటి యజమాని కాబట్టి నూకన్న పేరు ముందు రాసింది.

"ఆయనెక్కడ?"

"ఏటకెళ్ళేడు."

"ఎప్పుడెళ్ళాడు?"

సీతాలు పిల్లను ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుంది. "రెండు నెల్లయింది. ఒచ్చేస్తాడు. రాసుకో అమ్మా."

లెక్కల రోజుల్లో ఒక్కసారైనా ఇంటికి రాని మనిషిని ఆ ఇంట్లో రాయకూడదని నియమం. నియమం ఆమెకు కంఠతా వచ్చు. పుష్పవతి స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో, నూకన్న పేరు మీద ఈ చివరినుంచి ఆ చివరికి తిన్నగా గీత గీసింది. గీత ఎంత తిన్నగా వచ్చిందో చూసుకుని కొంచెం మురిసింది కూడా.

సీతాలు అరవలేదు, ఏడవలేదు. ఆ గీతవంకే చూస్తూ, "కొట్టేసినావేటమ్మా? కాయితంలోనే నేకపోతే, ఒడ్డుకెలాగొస్తాడు?" అంది.

నూకన్న రాలేదు. అతని డుంగీ పడవ రాలేదు. తెడ్డు కూడా కొట్టుకు రాలేదు. లెక్కలు ముగిశాక పై అధికారి ఫారం చూసి, "ఆఫీసుకొచ్చి కొట్టేయొచ్చు కదమ్మా, వాళ్ళ ముందెందుకు?" అన్నాడు మామూలుగా. ఆ ఆదివారమే చర్చిలో మొదటిసారి ఒకరు ఎక్కువొచ్చారు.

ఎనభై రెండులో జీవరాజు ఆమె ఇంటికొచ్చాడు. చర్చి మనిషే. బజారులో చిన్న అచ్చుయంత్రం పెట్టుకుని పెళ్ళిశుభలేఖలూ, రసీదు పుస్తకాలూ వేసేవాడు. సంగీతమంటే చెవి కోసుకుంటాడు. అంతకు రెండేళ్ళ క్రితం ఒక సంగీత పత్రిక మొదలెట్టాడు. తనకిష్టమైన రాగాల మీద తనే వ్యాసాలు రాసుకుని, తనే అచ్చేసుకుని, ఒక్క సంచికతో ఆపేశాడు. ఆ సంచిక బఠాణీల బండి దగ్గర పొట్లాలుగా కొంతకాలం బాగానే తిరిగింది.

"దీదీ, మళ్ళీ వేద్దామనుంది" అన్నాడు. "ఈసారి అడిగి వండుతాను. పోయినసారి అడక్కుండా వండితే బఠాణీలవాడు తిన్నాడు. మద్రాసులో నేను పనిచేసిన ప్రెస్సులో ఇలాగే చేసేవారు, ముందు పాఠకుల్ని ప్రశ్నలడిగి, జవాబులు లెక్కకట్టి, అప్పుడు పత్రిక. మన తెలుగోళ్ళు ఏం పాటలు వింటారు, ఎవరు చదువుతారు, ఏం కావాలంటారు, ఇవన్నీ నువ్వు తేల్చాలి. చర్చి గుమ్మం దగ్గర నిలబడి అడిగేస్తే ఒక్కరోజులో అయిపోతుంది."

"చర్చి దగ్గరడిగితే అందరూ కీర్తనలే అంటారు భయ్యా, పాస్టరుగారు వింటుంటారు కదా. ఇంటికెళ్ళి అడగాలి. ప్రతి ఇంటికీ. ఇష్టమున్న ఇంటికీ, లేని ఇంటికీ."

జీవరాజు మొహం వాడిపోయింది కానీ ఒప్పుకున్నాడు. పది ప్రశ్నల ఫారం అచ్చేశాడు. ఇంట్లో ఎంతమంది, ఎవరు పాడతారు, రేడియో ఉందా, టేపురికార్డరుందా, తెలుగు చదివేవాళ్ళెవరు, ఏ పాట అచ్చులో చూడాలనుంది, ఇలాంటివి. పత్రిక వస్తే కొంటారా అన్న ప్రశ్నను పుష్పవతి ముందే కొట్టేసింది. ఆ ప్రశ్నకు మనవాళ్ళెవరూ మొహమాటానికి కాదనరు. దాని బదులు, పోయిన నెల ఇంట్లో చదివినదేదో తెచ్చి చూపించమని రాసింది. సగం ఇళ్ళలో చూపించడానికి క్యాలెండరు తప్ప ఏమీ దొరకలేదు.

మూడు నెలలు సెలవురోజులన్నీ ఇదే పని. గరాచర్మలో ఒక పెద్దావిడ తాను దేవుడి పాటలు తప్ప వినననీ, రాసుకోమనీ గట్టిగా చెబుతుంటే, వంటింట్లోంచి రేడియో సినిమా పాట పాడుతోంది. పుష్పవతి రెండూ రాసుకుంది. ఒక కాలేజీ పిల్ల మూడు పాటలు గుక్కతిప్పుకోకుండా పాడి వినిపించి, "దీదీ, బోల్‌నా ఆతా హై, తెలుగు పఢ్‌నా నహీ ఆతా. తెలుగు మాట్లాడతా కానీ చదవలేను, హిందీ అక్షరాల్లో వేస్తే చదువుతా" అంది. ఆ మాట ఒక్క ఇంట్లో కాదు, ఇంటింటా వినబడింది. అచ్చయ్యే ప్రతి పాట కిందా అదే పాట హిందీ అక్షరాల్లో వెయ్యాలని అప్పుడే తేలిపోయింది. జీవరాజు ఒక్కడూ ఎన్నాళ్ళు కూర్చుని ఆలోచించినా ఇది తట్టేది కాదు.

జంగ్లీఘాట్‌ను పుష్పవతి చివరికి ఉంచింది. ఎండ ఎక్కువనీ, వాన వచ్చేలా ఉందనీ వాయిదాలేసి, ఇక వేరే ఇల్లేదీ మిగలక, వెళ్ళింది. అరవై రెండు ఇళ్ళు. మొదటి ఇంట్లో ఏ పాట అచ్చులో చూడాలనుందని అడిగింది. "నూకన్న పాట" అన్నాడు ఆ ఇంటాయన. ఆమె పెన్ను ఆగిపోయింది. రెండో ఇంట్లోనూ అదే. వరసగా నలభై ఒక్క ఇళ్ళలో అదే పేరు. పదకొండేళ్ళుగా తను ఒక్కతే మోస్తున్నాననుకున్న మనిషి ఇన్ని గుమ్మాల్లో పేరు పెట్టి పిలిపించుకుంటున్నాడు.

పాట చెప్పమంటే అందరూ ఒకే ముక్క చెప్పారు.

"ఒచ్చెనోయ్ ఒచ్చె, ఒడ్డుకే ఒచ్చె."

"దీనికి ముందు మాట?"

"అది నూకన్నది."

యర్రయ్య అనే ముసలి జాలరి ఆమెను అరుగుమీద కూర్చోబెట్టి విడమరిచాడు. పెద్దవల ఒడ్డుకి లాగేటప్పుడు ముందున్నవాడొకడు మాట అందిస్తాడు, తాడు పట్టుకున్నవాళ్ళంతా జవాబు పలికి లాగుతారు. ఎవడు కట్టిన పాటకి వాడే ముందుమాట అందించాలి.

"ఆడి మాటలు మాకు రావేటమ్మా? ఒచ్చు" అన్నాడు యర్రయ్య గొంతు తగ్గించి. "అయితే ఆడు బతికుండగా ఆడి మాట ఇంకోడు ఎత్తకూడదు. పోయేడనుకో, ఆడి పెళ్ళాం ఒడ్డుకొచ్చి, ఇదిగో నువ్వు పాడు అని ఒకడికి ఇత్తాది. సీతాలు ఇయ్యనేదు. మేం ఎత్తితే ఆడు పోయినట్టే కదా. మరి మాకెందుకమ్మా ఆ పాపం? అందుకే ఆ పాట లేకండానే లాగుతున్నాం ఇన్నాళ్ళూ."

పుష్పవతి ఫారాలు సర్దుకుని వచ్చేసింది. చివరి ఇంటి వైపు తల తిప్పలేదు.

జీవరాజు ఫారాలన్నీ చూసి పొంగిపోయాడు. ఏ సినిమా పాటకూ, ఏ కీర్తనకూ అన్ని ఓట్లు రాలేదు. మొదటి సంచిక మొదటి పేజీ నూకన్న పాటకే అన్నాడు. తర్వాత జంగ్లీఘాట్ కట్ట మళ్ళీ లెక్కపెట్టి, "అరవై రెండిళ్ళన్నావు, ఫారాలు అరవై ఒకటే ఉన్నాయి దీదీ" అన్నాడు.

జీవితంలో మొదటిసారి పుష్పవతి లెక్క ఒకటి తక్కువైంది. ఆమె కుర్చీలో కూర్చుని, ఎర్ర గీత సంగతీ, చర్చిలో నూట అయిదో మనిషి సంగతీ అంతా చెప్పేసింది. మధ్యలో ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. జీవరాజు నవ్వలేదు, బైబిలు వాక్యం కూడా చెప్పలేదు. ఖాళీ ఫారం ఒకటి తీసి ఆమె ముందు పెట్టి, "ఈ ఇల్లు నీది దీదీ, ఇంకెవర్నీ పంపలేను" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళింది. సీతాలు గుమ్మం ముందు ఎండు చేపలు తిరగేస్తోంది. జుట్టు నెరిసింది. లోపల ఆమె కూతురు, పన్నెండేళ్ళ చిన్నమ్మి, బడి పుస్తకంలోంచి హిందీ పాఠం పైకి చదువుతోంది. సీతాలు తలెత్తి ఒక్కసారి చూసింది.

"గీత కొట్టినమ్మవి నువ్వే కదా?"

"నేనే."

"కూకో."

పుష్పవతి కూర్చుంది. క్షమించమని అడగాలని దారిపొడుగునా మాటలు కూడబలుక్కుంది. తీరా నోటికొచ్చింది ఫారంలోని మొదటి ప్రశ్నే.

"ఇంట్లో ఎంతమంది?"

సీతాలు చేతిలో చేపను తట్టలో పెట్టింది. "ముగ్గురం" అంది. అని, ఆమె చేతివంక చూస్తూ కూర్చుంది.

పుష్పవతి మూడు అని రాసింది. పేర్లకు ఫారంలో చోటు లేదు, అయినా అంచున నూకన్న, సీతాలు, చిన్నమ్మి అని రాసింది. ఈసారి స్కేలు పెట్టలేదు, అక్షరాలు వంకరపోయాయి.

"చదువు" అంది సీతాలు.

చదివింది. సీతాలు తల ఊపింది. తర్వాత ప్రశ్నలన్నిటికీ వరసగా జవాబులు చెప్పింది. రేడియో లేదు. పాడేది నూకన్న. తెలుగు చదివేవాళ్ళు లేరు, చిన్నమ్మికి హిందీ అక్షరాలు వచ్చు. ఏ పాట అచ్చులో చూడాలనుందన్న ప్రశ్న దగ్గరకొచ్చేసరికి పుష్పవతి ఆగింది. సీతాలే అందుకుంది.

"ఆడి పాట కోసం ఒచ్చేవని యర్రయ్య సెప్పేడు. నాకు మొత్తం ఒచ్చు. వల బాగుసేసుకుంటా నా ఎదరే కట్టేడు. అయితే ఇయ్యనమ్మా. ఇచ్చీసేననుకో, నీ గీత మీద నేనూ గీత కొట్టినట్టే."

పాట దొరకదు, పత్రిక మొదటి పేజీ దొరకదు, అది కాదు పుష్పవతి బాధ. తను గీసిన గీతను ఈ మనిషి పదకొండేళ్ళుగా ఒంటిచేత్తో ఆపుతోంది. పుష్పవతి నోటినుంచి ఎన్నడూ రాని మాట వచ్చింది.

"ఖాళీ వదిలేద్దాం అమ్మా. జవాబు అచ్చేసి, ఆయన మాట ఉండేచోట ఖాళీ వదిలేద్దాం. వచ్చాక ఆయనే పాడతాడు."

సీతాలు ఆమె మొహంలోకి చూసింది, ఎగతాళి చేస్తోందేమోనని. "ఎంత కాళీ?" అంది చివరికి.

"మీరే చెప్పాలి."

అప్పుడు సీతాలు కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు. కుడిచేతి వేలు మోకాలి మీద దరువేసింది. పెదాలు ఆగగానే "ఒచ్చెనోయ్ ఒచ్చె" అని పైకి పలికింది. పుష్పవతి దరువు దరువుకీ కాగితం మీద ఒక చుక్క పెట్టింది. ఒక వరస ఎనిమిది చుక్కలు, ఒక వరస పన్నెండు, ఒకచోట ఇరవై దాకా సాగింది, అక్కడ సీతాలు పెదాల మీద నవ్వు వచ్చి పోయింది. ఆ మాటేమిటో పుష్పవతి అడగలేదు. లోపల చిన్నమ్మి చదవడం మానేసింది. ఇంట్లో ఎవరో నాలుగోవాళ్ళున్నట్టు ఆ గాలి బరువుగా ఉంది. భయం వెయ్యకపోవడమే పుష్పవతికి వింతగా తోచింది.

"జనం అచ్చుతప్పంటారు దీదీ, తెలుగు అక్షరాలు అయిపోయాయంటారు" అని జీవరాజు గొణిగాడు. కానీ చుక్కల లెక్క ప్రకారం, ఎంత పొడుగు మాటకి అంత ఖాళీ వదిలి, కింద జవాబు తెలుగులో, దానికింద హిందీ అక్షరాల్లో, మొదటి పేజీలోనే వేశాడు. పేజీ పైన కట్టినవారు నూకన్న, జంగ్లీఘాట్ అని ఉంది. అనుకున్నట్టే అచ్చుతప్పని నాలుగు ఉత్తరాలొచ్చాయి. జంగ్లీఘాట్ నుంచి ఒక్కటీ రాలేదు.

పత్రిక వచ్చిన రెండో ఆదివారం ఉదయం యర్రయ్య కబురు చేస్తే పుష్పవతి చర్చి మానుకుని ఒడ్డుకెళ్ళింది. పెద్దవల లాగుతున్నారు. చిన్నమ్మి ఇసుకలో కూర్చుని పత్రిక ఒళ్ళో పెట్టుకుంది. సీతాలు పక్కన నిలబడి ఉంది. తాడు పట్టుకోబోతూ యర్రయ్య, "ఇయాల పద్దెనిమిది మందిమి దీదీ, సూత్తా ఉండు" అన్నాడు.

చిన్నమ్మి చెయ్యెత్తింది. తాళ్ళు బిగిశాయి. ఎవరూ మాట ఎత్తలేదు. చిన్నమ్మి వేలు ఖాళీ వెంట మెల్లగా కదిలి, ఖాళీ అయిపోయేచోట ఆగి, కిందకి దిగింది. దిగగానే ఒడ్డంతా ఒక్క గొంతయింది.

"ఒచ్చెనోయ్ ఒచ్చె, ఒడ్డుకే ఒచ్చె."

వల ఒక బార జరిగింది. మళ్ళీ నిశ్శబ్దం. తాళ్ళు పట్టుకున్నవాళ్ళందరూ ఒకవైపే చూస్తూ, ఎదురుగా ఎవరో పాడుతుంటే వింటున్నవాళ్ళలా తలలు ఊపుతున్నారు. ఎక్కడ ఆ మాట అయిపోతుందో ప్రతివాడికీ తెలుసు. మళ్ళీ జవాబు. పొడుగు ఖాళీ వచ్చినచోట ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

ఆ నిశ్శబ్దంలోనే పుష్పవతి అలవాటుగా లెక్కపెట్టింది. ఈ తాడు మీద తొమ్మిది. ఆ తాడు మీద పది. కళ్ళు తుడుచుకుని ఇంకోసారి లెక్కపెట్టింది. అంతే వచ్చింది. మూడోసారి లెక్కపెట్టలేదు.

"ఎంతమందున్నారమ్మా?" అంది సీతాలు, సముద్రం మీంచి చూపు తిప్పకుండా.

"పంతొమ్మిది మంది."

సీతాలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "రాసుకో అమ్మా" అంది తర్వాత.

పుష్పవతి చిన్నమ్మి పక్కన ఇసుకలో కూర్చుని, సంచిలోంచి పెన్ను తీసి, పత్రిక అంచున పంతొమ్మిది అని రాసింది.